బ్లాగు తీసేసింది నేనే

తాండూరు,
9 జూలై 2025

నిరోషాకు,

‘ప్రియమైన’ అని రాయబోయి ఆగిపోయాను. ఇవాళ ఆ మాట నా చేతికి రావడం లేదు.

ఫోను మోగుతున్నా నేను ఎత్తడం లేదని రాజేందర్‌తో అన్నావట. ఇక మోగినా అది మీ ఇంట్లోనే మోగుతుంది. నిన్న అల్లుడు వస్తే దాన్ని కాయితంలో చుట్టి అతని సంచిలో వేశాను. “అత్తమ్మా, గిట్ల జేస్తే ఎట్ల” అన్నాడు. “గట్లనే” అన్నాను. నీ గొంతు వింటే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. కాయితమైతే చివరిదాకా చదవక తప్పదు. అందుకే ఈ ఉత్తరం.

సోమవారం పొద్దున ప్రార్థన అయ్యాక కొత్త బొంత ఫోటో పెడదామని బ్లాగు తెరిచాను. అటువంటిది ఏదీ లేదని వచ్చింది. తప్పు నొక్కానేమో అనుకుని నాలుగుసార్లు చూశాను. చివరికి బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అతని దగ్గరకు పోయాను. అతను అటూ ఇటూ తిప్పి, “పాస్‌వర్డ్ ఎవరి తాన ఉందో వాళ్ళే తీసేసిండ్రమ్మా” అన్నాడు. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉంది. నా దగ్గర, మీ ఇంట్లో.

ఆరేళ్ళు నిరోషా. నేను ఉద్యోగం దిగిపోయిన నెలలో అల్లుడు రాజేందరే కూర్చుని బ్లాగు పెట్టి ఇచ్చాడు. బషీరాబాద్ సబ్‌సెంటర్‌లో నర్సుగా పనిచేసినప్పుడు ఇల్లిల్లూ తిరుగుతూ ఎన్ని బొంతలు చూశానో, ఎవరు ఏ చీర ముక్కను ఎక్కడ వేశారో, ఎందుకు వేశారో, గుర్తున్నదల్లా రాశాను. నేను కుట్టినవి పెట్టాను. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో చదివారు, వాళ్ళ బొంతలు చూపించారు. కోట్‌పల్లి కరుణ నాకు అక్కడే పరిచయం. సేడం శరణమ్మ కూడా అక్కడే. మీ నాన్న పోయాక పొద్దున లేస్తే ‘బాగున్నావా’ అని అడిగే మనుషులు నాకు దొరికింది అందులోనే.

ఎందుకు తీశారో నాకు తెలుసు. మీ అత్తగారి తరఫువాళ్ళు మొన్నటి పెళ్ళిలో ఏమన్నారో విన్నాను. “వీళ్ళమ్మ చినిగిన గుడ్డలు ఫోన్ల పెట్టుకుంట తిరుగుతదట” అని నవ్వారు కదా. నీకు నామోషీ అయింది. నీకు నామోషీ అయితే నా ఇంటికి రావడం మానుకోవాల్సింది. నా బ్లాగును తీసేసే హక్కు నీకెవరిచ్చారు?

ఇట్లు,
నీకు పాస్‌వర్డ్ చెప్పి తప్పు చేసిన
అమ్మ

•

వికారాబాద్,
14 జూలై 2025

అమ్మా,

బ్లాగు తీసేసింది నేనే. రాజేందర్‌కు నేను చెప్పేదాకా తెలియదు. అతన్ని ఇందులోకి లాగకు.

చినిగిన గుడ్డలంటే నాకు నామోషీ అనుకోవడం నీకు సులువుగా ఉంది. అలా అనుకుంటే నువ్వేం చేశావో చూసుకోవాల్సిన పని ఉండదు. పడక మీద ఇప్పటికీ నువ్వు కుట్టిన బొంతే పరుచుకుంటున్నాను. సంగతి బొంతలది కాదు.

జూన్ ఇరవై తొమ్మిదిన ‘చిన్న బొంత’ అని ఒకటి రాశావు. మూడేళ్ళ కింద నెలలు నిండాక నా కడుపులోనే పోయిన నా బిడ్డ గురించి. నన్ను అడగలేదు. రాశాక కూడా చెప్పలేదు. మరుసటి శనివారం స్టాఫ్‌రూములో అంజలి టీచర్ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఎప్పటి నుంచో నీ బ్లాగు చదువుతుందట. నీ గురించి నేనే గొప్పగా చెప్పి చదవమన్నాను, అది నా ఖర్మ. మిగతా ఇద్దరు టీచర్లు ఏమైందని అడిగారు. ఆమె చెప్పింది. నా ముందే, నా బిడ్డ గురించి, నేను కుర్చీలో కూర్చుని ఉండగా.

ఈ బడికి వచ్చి రెండేళ్ళయింది. ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలియని చోటు కావాలనే బదిలీ పెట్టుకుని వచ్చాను. ‘పాప ఎట్లుంది టీచర్’ అని అడగని చోటు, ‘అయ్యో పాపం’ అనని చోటు. దాన్ని నువ్వు ఒక్క పూటలో పోగొట్టావు.

నా పేరు రాయలేదంటావు. తాండూరులో ఉద్యోగం దిగిపోయిన నర్సమ్మ, వికారాబాద్‌లో టీచరు బిడ్డ అని రాశావు. ఇంకేం మిగిలింది? కింద నలభై ఒక్క మంది కామెంట్లు పెట్టారు. నాకు ముక్కూ మొహం తెలియని నలభై ఒక్క మంది నా బిడ్డ కోసం ఏడ్చారు. అవన్నీ చదివాను. ఆదివారం సాయంత్రం కూర్చుని మొత్తం తీసేశాను. ఒక్కటే తీసి మిగతాది ఉంచవచ్చు కదా అంటావేమో. ఆ పూట అంత ఓపిక లేదు.

నిరోషా

•

తాండూరు,
20 జూలై 2025

నిరోషా,

నీ ఉత్తరం వాకిట్లో నిలబడే చదివాను. లోపలికి వచ్చి కూర్చున్నాక కోపం ఇంకా పెరిగింది.

అడగలేదంటున్నావు. ఎలా అడగాలి నిన్ను? ఆ మాట ఏనాడైనా ఎత్తనిచ్చావా? కాన్పయిన మూడు నెలలకు నేను ఒక్కసారి ‘పాప’ అన్నందుకు కంచం ముందుకు తోసి లేచిపోయావు. తర్వాత రాజేందర్ నన్ను వెనక గదిలోకి పిలిచి, “అత్తమ్మా, గా ముచ్చట జర తీయకుండ్రి” అని బతిమాలాడు. తీయలేదు. మూడేళ్ళు తీయలేదు. నీకు బిడ్డ అయితే నాకు మనవరాలు కాదా? నువ్వు దాచుకున్నట్టే నన్నూ దాచుకోమంటే నేను ఎక్కడ దాచాలి?

ఎందుకు రాశానో విను. శరణమ్మ ఒకరోజు అడిగింది. “సిస్టరమ్మా, ఇన్నేళ్ళు కాన్పులు జేసినవు. నీ బొంతలల్ల పసిపిల్లలది ఒక్కటి గూడ లేదేంది?” అని. ఫోను పక్కన పెట్టాను. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గుడి నుంచి వచ్చి, అన్నం కూడా వండకుండా కూర్చుని రాశాను. నేను కుట్టిన ఒకే ఒక్క చిన్న బొంత మట్టిలో ఉందని రాశాను. రాసి లేచాక మూడేళ్ళలో మొదటిసారి ఆకలేసింది. అది నీ పరువు తీయడమా?

శరణమ్మ ఎవరో నీకు ఎప్పుడూ పట్టలేదు. సేడంలో మిషను కుట్టుకుని బతికే మనిషి. బొంతను వాళ్ళు కౌది అంటారు. ఆమెకు తెలుగు రాయడం రాదు. మాట్లాడితే ఫోనే రాసిపెడుతుంది. మూడుసార్లు కలిశాం. మూడుసార్లూ సేడం స్టేషన్ బెంచీ మీదే. నేను పొద్దున బండికి పోయేదాన్ని, ఆమె ఒక కౌది చంకన పెట్టుకుని వచ్చేది. ప్లాట్‌ఫారం మీద పరిచి, మధ్యాహ్నం బండి వచ్చేదాకా ఒక్కో ముక్క గురించి చెప్పుకునేవాళ్ళం. నేను సగం కన్నడం, ఆమె సగం తెలుగు. రైలు దిగినవాళ్ళు మమ్మల్ని దుప్పట్లు అమ్ముకునేవాళ్ళనుకుని ధర అడిగేవాళ్ళు.

ఆమె నా చిన్న బొంత చదివి, తనకూ ఒక సంగతి ఉందని మొదలుపెట్టింది. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదంది. కొంత చెప్పి, “మిగతాది రేపు చెప్త” అంది. అది ఆదివారం. ఆ సాయంత్రమే నువ్వు తీసేశావు. తన మాట విని నేను మొహం తిప్పుకున్నానని అనుకుంటుంది ఆ మనిషి. అలా అనుకుని ఇప్పటికి రెండు వారాలు.

ఆమె నంబరు ఆ ఫోనులోనే ఉంది. నిన్ను అడగను. ఇల్లు తెలియకపోయినా ఊరు తెలుసు. పోయి వెతుక్కుంటాను.

అమ్మ

•

వికారాబాద్,
4 ఆగస్టు 2025

అమ్మా,

నిన్న మధ్యాహ్నం రాజేందర్ తాండూరు వచ్చి చూస్తే తాళం ఉంది. పక్కింటి భీమమ్మ పెద్దమ్మ, “సంచి పట్టుకుని టేషన్ దిక్కు పోయింది బిడ్డా, మూడు దినాలాయె” అందట. అరవై నాలుగేళ్ళ మనిషివి. చేతిలో ఫోను లేదు. ఎక్కడికి పోతున్నావో ఎవరికీ చెప్పలేదు. బీపీ మాత్రలు డబ్బాలోనే ఉన్నాయని కిటికీలోంచి చూసి వచ్చాడు. నన్ను భయపెట్టడానికే చేశావంటే, బాగా చేశావు.

నా ఇంటికి వస్తే రెండో రోజే సంచి సర్దుతావు. ఇక్కడ ఊపిరాడదంటావు. ఎవరో ముక్కలు కుట్టుకునే మనిషి కోసం మాత్రం మూడు రోజులు ఊరు కాని ఊరులో ఉండగలవు. నేను బాలింతగా పడుకున్నప్పుడు కూడా నువ్వు పదమూడో రోజు వెళ్ళిపోయావు. పాలు గడ్డకట్టి జ్వరంతో ఉన్నాను. తాగడానికి బిడ్డ లేదు. నాకది గుర్తుంది.

ఒక సంగతి చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను కానీ చెబుతున్నాను. నువ్వు పంపించిన ఫోనును రాజేందర్ చార్జింగ్ పెట్టి ఉంచుతున్నాడు. ‘సేడం శరణక్క’ అని పేరు వచ్చి మోగుతూనే ఉంది. ఇప్పటికి పదిహేడు సార్లు. నేను ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి? నా బిడ్డ గురించి చదివిన మనిషితో నేను ఏం మాట్లాడాలి?

నువ్వు ఇల్లు చేరగానే భీమమ్మ పెద్దమ్మతో ఫోను చేయించు. నాతో మాట్లాడనక్కరలేదు. చేరావని చెబితే చాలు.

నిరోషా

•

తాండూరు,
8 ఆగస్టు 2025

నిరోషా,

చేరాను. భీమమ్మ చెప్పే ఉంటుంది. మాత్రలు అక్కడ మందుల షాపులో కొనుక్కున్నాను, నేను నర్సునన్న సంగతి మరిచిపోకు.

పదిహేడు సార్లు మోగిందని తెలిసి కూడా ఎత్తలేదు నువ్వు. ఆ ఒక్క ముక్కకే ఈ ఉత్తరం రాయకూడదనుకున్నాను. కానీ జరిగింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, చెప్పడానికి వేరే ఎవరూ లేకుండా నువ్వే చేశావు.

సేడంలో దిగి స్టేషన్ బయట చాయ్ పోసే అతన్ని అడిగాను. శరణమ్మ అంటే ఆ ఊరిలో వీధికి ఇద్దరున్నారు. కౌదులు కుట్టే శరణమ్మ అంటే ఇంకొకరు చూపించారు. ఆమె తలుపు తీసి నన్ను చూసి నిలబడిపోయింది. రమ్మని అనలేదు.

“పదిహేడు సార్లు జేసిన” అంది. “నా ముచ్చట చెప్పినంక నీకు అసయ్యమైంది అనుకున్న.”

గుమ్మంలోనే నిలబడి నీ సంగతంతా చెప్పాను. బ్లాగు పోవడం, ఫోను పంపడం. అప్పుడు చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయింది. ఆ రోజు సాయంత్రం తన మిగతా సంగతి చెప్పింది. అది ఆమెది కాబట్టి నీకు రాయను. నీ దగ్గర నేర్చుకున్న బుద్ధే.

రెండు రోజులు బాగానే ఉంది. ఆమె కౌది అంచు కుడుతుంటే నేను మధ్యలో కుట్లు వేశాను. మూడో రోజు అన్నం దగ్గర కూర్చున్నప్పుడు అడిగింది.

“నీ బిడ్డ ఆ పాపను చూసిందా?”

“లేదు” అన్నాను. “చూస్తే తట్టుకోదని నేనే వద్దన్న. అక్కడ నర్సుకు నేనే చెప్పిన, తీస్కపోయిండ్రని చెప్పుమని.”

ఆమె ముద్ద కంచంలో పెట్టేసింది. “నువ్వు చూసినవా” అంది. చూశానన్నాను. స్నానం చేయించింది నేనే అన్నాను. తర్వాత గిన్నెలు తీస్తూ అటు తిరిగే అంది: “నీ బిడ్డ బ్లాగు తీసింది తప్పు గాదు సిస్టరమ్మా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం వెతుక్కుంటూ వస్తే నీ తరఫు మాట్లాడుతుందా? బట్టల సంచి ఒక్కటే తీసుకుని మధ్యాహ్నం బండికి వచ్చేశాను. ఆమె స్టేషన్‌కు రాలేదు. నేను పిలవలేదు.

బ్లాగులో సంపాదించుకున్న ఒక్క మనిషి కూడా పోయింది. ఇప్పుడు నీకు తృప్తేనా?

అమ్మ

•

వికారాబాద్,
16 ఆగస్టు 2025

అమ్మా,

నీ ఉత్తరంలో ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. వారం రోజులుగా అక్కడే ఉన్నాను. ‘నేనే వద్దన్న.’

నువ్వు దాన్ని కూర గురించి చెప్పినట్టు రాశావు. నాకు తెలుసనుకున్నావా? లేక తెలిసినా తెలియకపోయినా ఒకటే అనుకున్నావా?

ఆ రోజు మత్తు దిగాక నేను మూడుసార్లు అడిగాను. మొదటిసారి నర్సు ‘డాక్టరమ్మ వచ్చాక’ అంది. రెండోసారి ‘తీసుకుపోయారమ్మా’ అంది. మూడోసారి సెలైన్‌లో ఏదో ఎక్కించారు. అది ఆసుపత్రి పద్ధతి అనుకున్నాను. మూడేళ్ళు ఆ నర్సును తిట్టుకున్నాను. ఆమె మొహం గుర్తుపెట్టుకుని మరీ తిట్టుకున్నాను. ఆమె చెప్పింది నా తల్లి నేర్పిన అబద్ధం.

రాజేందర్‌ను అడిగాను. తల దించుకున్నాడు. “అత్తమ్మ నర్సు గదా, ఆమెకు తెలుస్తది అనుకున్న” అన్నాడు. అతనితో కూడా మాట్లాడటం లేదు.

ఇప్పుడు విను, బ్లాగు ఎందుకు తీశానో. మొదటి ఉత్తరంలో నీకు సగమే చెప్పాను. స్టాఫ్‌రూములో అంజలి నా చెయ్యి పట్టుకుని అన్న మాట ఇది: “పాపకు వెంట్రుకలు మస్తు ఉండెనట గద టీచర్, మెడ దాకా. పాపం.”

నాకు తెలియదమ్మా. నా బిడ్డకు వెంట్రుకలు మెడ దాకా ఉన్నాయని నాకు తెలియదు. అంజలికి తెలుసు. నలభై ఒక్క మందికి తెలుసు. సేడంలో మిషను కుట్టే మనిషికి తెలుసు. నేను తల ఊపాను, అవును ఉండేవి అన్నట్టు. తెలిసినట్టు నటించాను. ఇంటికి వచ్చి నీ బ్లాగు తెరిచి నా బిడ్డ ఎలా ఉండేదో మొదటిసారి చదివాను. అందరూ చదివేశాక, వారం తర్వాత.

ఇందులో నా పరువు ఏముంది? పేరు ఏముంది? నువ్వు నాకు చూపించకుండా దాచింది, తీసుకుపోయి లోకానికి చూపించావు.

ఇక రాయకు.

నిరోషా

•

తాండూరు,
23 ఆగస్టు 2025

నిరోషా,

రాయకు అన్నావు. అయినా రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ళకు పైగా కాన్పులు చేశాను. మాకు నేర్పింది అదే. పోయిన బిడ్డను తల్లికి చూపించకండి, చూడకపోతే త్వరగా మరిచిపోతుంది, చూస్తే పిచ్చిదవుతుంది అని. ఎందరికో అలాగే చేశాను. గుడ్డ కప్పి వెనక తలుపు నుంచి బయటికి ఇచ్చేదాన్ని. ఆ తల్లుల్లో ఏ ఒక్కరూ వచ్చి నన్ను అడగలేదు. నీ విషయంలో వేరే ఎలా చేస్తాను? నువ్వు నాకు ఎక్కువని, ఇంకా గట్టిగా చేశాను. నీ మంచికే చేశాను.

నీకు అది నేరమైతే నేనేం చేయగలను? వెనక్కి పోయి చేయలేను కదా.

పదమూడో రోజు వెళ్ళిపోయానన్నావు. నువ్వు గోడ వైపు తిరిగి పడుకునేదానివి. నేను చెయ్యి వేస్తే తీసేసేదానివి. నన్ను చూస్తే నీకు గుర్తొస్తుందనుకుని వెళ్ళిపోయాను. పోయింది కోపంతో కాదు.

అమ్మ

•

వికారాబాద్,
13 అక్టోబరు 2025

అమ్మా,

నీ చివరి ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. ‘నీ మంచికే’ అన్న మాట దగ్గర చింపేయబోయాను కూడా. ఇప్పుడు రాయడానికి కారణం నువ్వు కాదు.

మొన్న శనివారం శరణమ్మ మా ఇంటికి వచ్చింది.

కోట్‌పల్లిలో నీ కరుణ ఇంటికి పోయిందట, ఆమె బొంతలు చూడటానికి. ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారట, ఇద్దరినీ నువ్వే పరిచయం చేశావట. తిరిగి పోతూ వికారాబాద్‌లో దిగింది. సేడంలో నువ్వు వదిలేసి వచ్చిన చేతిసంచిలో నా ఉత్తరం కవరు ఉంది, దాని వెనక ఉన్న నా అడ్రసు చూపిస్తూ ఆటోలో వచ్చింది. తలుపు తీస్తే చిన్న మనిషి, చేతిలో నీ సంచి. “నేను సేడం శరణమ్మ. కోపం ఉంటే పోత” అంది. కోపం ఉంది. కానీ తెలియని పెద్దమనిషిని గుమ్మంలో నిలబెట్టి పొమ్మనలేకపోయాను.

నీ తరఫు మాట్లాడటానికి వచ్చిందనుకుని తయారుగా కూర్చున్నాను. నీ పేరు కూడా ఎత్తలేదు. నీళ్ళు తాగింది. కిటికీ తెర కుట్టు వీడి ఉంటే సంచిలోంచి సూది తీసి కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

“పాపకు ఏం పేరు పెట్టుకుంటివి?”

అమ్మా, ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. నువ్వు అడగలేదు. రాజేందర్ అడగలేదు. చచ్చి పుట్టిన బిడ్డకు పేరు ఉంటుందని ఎవరికీ తోచలేదు. అయిదో నెల నుంచి నేను లోపల ఒక పేరుతో పిలుచుకునేదాన్ని. పుట్టాక చెబుదామని ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చెప్పాను.

లేయా.

చెప్పాక ఆగలేదు. అన్నీ చెప్పాను. పొద్దున తన్నులు ఆగిపోవడం, నేను సాయంత్రం దాకా నీకు ఫోను చేయకపోవడం, అడిగితే భయపెడతావని. ఆ సాయంత్రం దాకా ఆగడం వల్లే పోయిందేమోనని మూడేళ్ళుగా అనుకోవడం. ఇది రాజేందర్‌కు కూడా తెలియదు. మొదటిసారి చూస్తున్న మనిషికి, తెర కుడుతుంటే, చెప్పేశాను. ఆమె దారం తెంపి దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఆమె వెళ్ళాక అర్థమైంది నువ్వు ఎందుకు అక్కడ రాసుకున్నావో. తెలియనివాళ్ళకు చెప్పడం సులువు. వాళ్ళు ఏడిస్తే మనం ఓదార్చనక్కరలేదు. అర్థమైంది అంటున్నాను. క్షమించాను అనడం లేదు. నాకు కోపం తగ్గలేదు. నువ్వు ఎక్కడా ‘తప్పు చేశాను’ అని రాయలేదు, నాలుగు ఉత్తరాలూ వెతికాను.

ఆ రాత్రే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తీసేసిన బ్లాగును కొన్నాళ్ళలోపు తిరిగి తెచ్చుకోవచ్చట. గడువు వారం కిందనే దాటిపోయింది. పోయింది. నీ ఆరేళ్ళ రాతలు పోయాయి, దానికి బాధ్యురాలిని నేనే. అందులోనే నా బిడ్డ ఎలా ఉండేదో కూడా పోయింది. ఒక్కసారి చదివాను, కోపంతో చదివాను. వెంట్రుకలు తప్ప ఏదీ గుర్తులేదు.

ఊరందరి కోసం రాశావు కదా. ఇప్పుడు నా ఒక్కదాని కోసం రాయి. అందంగా రాయకు. ఉన్నది ఉన్నట్టు రాయి.

నిరోషా

•

తాండూరు,
17 అక్టోబరు 2025

నిరోషా బిడ్డా,

ముందు నాకు వచ్చిన కోపం చెబుతాను, లేకపోతే తర్వాతిది రాయలేను. మూడు నెలలుగా నాతో ఉత్తరాల మీద కొట్లాడి, పేరు మాత్రం శరణమ్మకు చెప్పావు. ఆ పొద్దున తన్నులు ఆగిపోయిన సంగతి నాకు చెప్పలేదు, ఆమెకు చెప్పావు. చదివి ఉత్తరాన్ని విసిరికొట్టాను. మంచం కిందికి పోయింది. నా మనవరాలి పేరు పరాయి మనిషికి ముందు తెలిసి, తర్వాత నాకు తెలియడం ఏమిటి అని ఇల్లంతా తిరిగాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయాక, నీ స్టాఫ్‌రూములో నీకు ఎలా ఉండిందో అప్పుడు తెలిసింది. నాకు అది చదివితే తెలియలేదు. జరిగితే తెలిసింది.

తప్పు చేశాను. నువ్వు అడిగినప్పుడు బిడ్డను నీ చేతుల్లో పెట్టాల్సింది. నేను నేర్చుకున్నది తప్పు. వెనక తలుపు నుంచి గుడ్డ కప్పి ఇచ్చిన వాళ్ళందరి మొహాలు ఈ రెండు రోజులుగా కనిపిస్తున్నాయి. వాళ్ళకు నేను ఉత్తరాలు కూడా రాయలేను.

ఇంకొకటి. సాయంత్రం దాకా ఆగినందువల్ల పోలేదు. బొడ్డుతాడు మెడకు రెండు చుట్లు పడి బిగిసి ఉంది. ఒంటి చర్మం చూసి చెబుతున్నాను, తన్నులు ఆగాయని నీకు తెలిసేసరికే అయిపోయి ఉంది. నువ్వు పరుగెత్తి వచ్చినా అంతే. ఇది తల్లిగా చెప్పడం లేదు, నర్సుగా చెబుతున్నాను. నన్ను అడిగి ఉంటే మూడేళ్ళ కిందే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు, నేను అడగనివ్వలేదు.

ఇప్పుడు లేయా గురించి.

రెండు కిలోల తొమ్మిది వందలు. పొడుగు పిల్ల. వెంట్రుకలు నల్లగా, ఒత్తుగా, మెడ దాటి వీపు మీదికి సన్నగా దిగి ఉన్నాయి. తడిసినప్పుడు నిటారుగా ఉండి, ఆరాక చివర్లు కొంచెం మెలి తిరిగాయి. రంగు రాజేందర్‌ది. ముక్కు ఎవరిదో తెలియదు, పసిపిల్లల ముక్కు అప్పుడే చెప్పలేం. పెదవులు నీలంగా ఉన్నాయి, అది దాచను. కనుబొమలు గీసినట్టు ఉన్నాయి. కళ్ళు మూసుకుని ఉన్నాయి, నేను తెరవలేదు. చేతివేళ్ళు పొడుగు, గోళ్ళు పెరిగి ఉన్నాయి. కుడి చేయి గుప్పిట పట్టి ఉంది, ఎడమ చేయి తెరిచి ఉంది. కుడి మోకాలి కింద మినపగింజంత మచ్చ.

గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించాను. తల తుడిచాను. పౌడర్ వేయలేదు, నువ్వు వేస్తావని ఎందుకో చేయి ఆగింది. నేను కుట్టిన చిన్న బొంతలో చుట్టాను. రాజేందర్ ఎత్తుకున్నాడు. మట్టి చేయడానికి తాండూరు చేరేదాకా ఒడిలోనే ఉంచుకున్నాడు, ఎవరికీ ఇవ్వలేదు. అతనితో మాట్లాడు, నా మాట విని అతను నోరు మూసుకున్నాడు, అంతే.

ఇదంతా బ్లాగులో కూడా రాశాను. రాయనిది ఒకటి ఉంది. ఎందుకు రాయలేదో నాకే తెలియదు.

ఎడమ చెవి పై అంచు లోపలికి ముడుచుకుని ఉంది, సరిగ్గా నీ చెవిలాగే. వేలితో మెల్లగా విప్పాను. వదలగానే మళ్ళీ ముడుచుకుంది. మళ్ళీ విప్పాను. నువ్వు పుట్టిన రోజు కూడా అలాగే చాలాసేపు విప్పుతూ కూర్చున్నాను.

ఇట్లు,
లేయా అమ్మమ్మ